ఐదో మడుగు దాకా

ఏడుమడుగుల కోనలో ఒక జలపాతం ఉంది. నేను చూడలేదు. యాత్రాకథనాలు సాధారణంగా చూసి వచ్చినవాళ్ళు చూడనివాళ్ళ కోసం రాస్తారు. ఇది చూడనివాళ్ళ కోసం చూడని మనిషి రాస్తున్నది. చదివాక ఎవరికీ నా మీద అసూయ కలగదన్న ధీమా మాత్రం ఉంది.

మా ఆయన తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. నెలలో రెండో శనివారం వచ్చిందంటే మిత్రులతో కలిసి కొండలెక్కుతారు. వేరే ఊళ్ళలో జనం ఎండ కాసే రోజు చూసుకుని విహారానికి వెళతారట. మా చిత్తూరు జిల్లాలో ఎండ కాసే రోజు కొండెక్కినవాడికి దిగే ఓపిక ఉండదు. పైగా మా కోనల్లో వాన పడితేనే నీళ్ళు. లేకపోతే నల్లరాయి, దాని మీద ఒక తొండ. అందుకని ఈ బృందం ముసురు పట్టిన రోజే బయల్దేరుతుంది. రేడియోలో 'బంగాళాఖాతంలో వాయుగుండం' అన్న మాట వినపడగానే వీధిలో అందరూ ఆరేసిన బట్టలు లోపలికి తీసుకుంటారు. మా ఇంట్లో అటక మీది సంచీ కిందికి దిగుతుంది.

బృందంలో ముగ్గురు. నాయకుడు మునస్వామి నాయుడుగారు, తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తా. నాయకత్వానికి కావలసినవన్నీ ఆయన దగ్గర ఉన్నాయి: విజిలు, టార్చిలైటు, ట్రాన్సిస్టరు. రెండో మనిషి చెంగల్రాయుడు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతాడు, కొండల్లో అండా మోస్తాడు. అన్నం వండుకునే ఆ అల్యూమినియం అండా అతనికి శిక్షగా వచ్చింది. బృందానికి ఉన్నది ఒకటే నియమం. దారిలో 'వెనక్కి పోదాం' అని ఎవరు ముందు అంటే, ఇంకొకరు ఆ మాట అనేదాకా అండా వాళ్ళే మోయాలి. చెంగల్రాయుడు తలకోన దారిలో ఆ మాట అని రెండేళ్ళు దాటింది. ఆ తర్వాత ఎవరి నోటా రాలేదు. కాళ్ళు బెణికాయి, జ్వరాలు వచ్చాయి, ఒకసారి ఎలుగుబంటి కూడా వచ్చింది. ఆ మాట రాలేదు. మూడో మనిషి మా ఆయన.

నా వంతు పులిహోర. వాళ్ళు నాలుగేళ్ళుగా కొండలెక్కుతున్నారు, నేను నాలుగేళ్ళుగా మూటలు కడుతున్నాను. తిరిగి వచ్చాక ముగ్గురూ మా వసారాలో కూర్చుని, చూసినవీ చూడనివీ చెబుతారు. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఏడుమడుగుల కోన. నాయుడుగారు కాలేజీలో చదివేటప్పుడు, ఒక జడివానలో, ఆ కోనలో ఏడో మడుగు దాకా వెళ్ళారట. అక్కడ నీళ్ళు రెండు తాటిచెట్ల ఎత్తు నుంచి పడుతున్నాయట. ఇది మొదటి ఏడు చెప్పిన మాట. మరుసటి ఏడు మూడు తాటిచెట్లు. కిందటి ఏడు ఆయన తాటిచెట్లు మానేసి గాలిగోపురంతో పోల్చడం మొదలుపెట్టారు. నవ్వుకుంటూ విన్నానే గాని, వంటింట్లోకి వెళ్ళాక కూడా ఆ నీళ్ళు నా తలలో పడుతూనే ఉండేవి. నాకు ముప్పై ఆరేళ్ళు. బి.ఏ. చదివాను, సముద్రం ఒకసారి చూశాను, జలపాతం చూడలేదు. చూడాలనిపించింది. ఇందులో పెద్ద కథ ఏమీ లేదు.

తిరుపతి

కార్తీకంలో వాయుగుండం పట్టింది. ముగ్గురూ వసారాలో కూర్చుని ఈసారి ఏడుమడుగుల కోనే అని తీర్మానించారు. కాఫీలు ఇస్తూ నేను, "నేనూ వస్తాను" అన్నాను.

మా ఆయన ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకున్నారు. అందులో అప్పుడు వ్యవసాయ కార్యక్రమం వస్తోంది.

"అట్లే రామ్మా, దాంట్లో ఏముండాది!" అన్నారు నాయుడుగారు. ఆయన సహజంగా ఉదారులు.

"ఒదినొస్తే మంచిదే. పులిహోర దోవలో ఆరిపోకుండా వస్తాది" అన్నాడు చెంగల్రాయుడు.

ఆ విధంగా నన్ను బృందంలోకి తీసుకున్నారు. మరునాడు గాంధీరోడ్డులో కాన్వాసు బూట్లు కొనడానికి వెళ్ళాను. కొట్టు ఆయన, "బాబుకి ఎన్నో క్లాసమ్మా?" అని అడిగాడు. నాకే అని చెబితే, కౌంటర్ మీదుగా వంగి నా పాదాల వంక చూసి, "చీర మీదికా?" అన్నాడు. బాధతో కూడిన కుతూహలం. చివరికి పిల్లల సైజులో తెల్లబూట్లు దొరికాయి. పద్దెనిమిది రూపాయలు. బేరమాడలేదు, ఆయన అప్పటికే చాలా ఓర్చుకున్నాడు.

పిల్లలను మా అక్క ఇంట్లో దింపాను. అక్క బూట్లు చూసి ఏమీ అనలేదు. గుమ్మం దాకా వచ్చి, "జాగ్రత్త" అని మా ఆయనతో అంది.

వడమాలపేట

పుత్తూరు బస్సులో జనం నా మొహం కన్నా నా కాళ్ళనే ఎక్కువగా చూశారు. మొహానికి కాస్త విశ్రాంతి దొరికింది. కిటికీ రేకులన్నీ దించేసినా వాన లోపలికి వస్తూనే ఉంది. వడమాలపేటలో దిగేసరికి అందరం ఒక విడత తడిశాం. నాయుడుగారు ట్రాన్సిస్టరును తువ్వాలలో చుట్టి చంకలో పెట్టుకున్నారు. కోస్తాలో భారీ వర్షాలు కురుస్తాయని అందులో చెప్పారు.

"మనది కోస్తా కాదు గదా" అన్నారాయన. ఆ మాటతో వాతావరణం చర్చ ముగిసింది.

రోడ్డు పక్కన టీ అంగడి. టీ నలభై పైసలు, దాంట్లో పడే వాననీళ్ళు ఉచితం. అంగడాయన బోండాలు వేస్తూ అడిగాడు, "యాడికి సామీ, ఈ వానలో?"

"ఏడుమడుగులకి."

"ఈయమ్మ కూడానా?"

"ఆఁ."

ఆయన నా వంక చూసి ఒక బోండా ఎక్కువ వేశాడు. డబ్బులు తీసుకోలేదు. అది మర్యాదో జాలో నాకు అప్పట్లో తెలియలేదు.

చింతమానుపల్లె

రోడ్డు వదిలి చెరకు తోటల మధ్య బండిదారి పట్టుకుని నడిస్తే, కొండకింద పదిహేను ఇళ్ళ పల్లె వస్తుంది. నా తెల్లబూట్లు సగం దారికే ఎర్రబూట్లయ్యాయి. నేను నడవగలనా లేదా అని ముగ్గురూ వంతులవారీగా వెనక్కి తిరిగి చూస్తున్నారు. నాలుగేళ్ళుగా రోజుకు ఇరవై బిందెలు వీధి కొళాయి నుంచి మోస్తున్న మనిషి నడుస్తుందా అన్న సందేహం వాళ్ళకెలా వచ్చిందో! వాళ్ళు బిందెలను లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

పల్లెలో కుప్పమ్మ అనే ఆమె ఇంట్లో ఆగాం. ఆమె మొగుడు నాయుడుగారి ఆఫీసు చుట్టూ ఏదో పట్టా కోసం తిరిగి ఉన్నాడట, అదీ పరిచయం. మొగుడు ఊళ్ళో లేడు. కుప్పమ్మకు నా వయసే ఉంటుంది. ఎనిమిది మేకలు, ఒక ఆవు, ఇంటికప్పు కురిసే చోటల్లా పెట్టిన మట్టిచట్లు. ఆమె నా కాళ్ళ దగ్గర కూచుని బూటు వేలితో నొక్కి చూసింది.

"ఇదేసుకుంటే కాలికి మన్ను తెలవదే? యెట్ట నడస్తావ్ మే?"

"అలవాటవుతుందిలే."

"మొగోళ్ళతో కొండకా? ఏం మొక్కుకున్నావ్?"

"మొక్కేం లేదు. నీళ్ళు పడేది చూద్దామని."

ఆమె కాసేపు నా మొహం చూసింది. అబద్ధం చెబుతున్నానేమో అని కాబోలు. "నీళ్ళా? నీళ్ళు సూసేదానికి పోతారా?" అంది. వెంటనే ఇంటికప్పు వైపు చూపించింది. "ఈడే పడతా ఉండాది గదా, కూసోని సూడు."

నేను నవ్వాను. తనూ నవ్వింది. నువ్వెప్పుడూ పోలేదా అని అడిగాను.

"ఆడికి మేకలు పోవు. నేనేటికి పోతా?" అంది. నేను మూట సర్దుకుని లేస్తుంటే గడప దాకా వచ్చింది. "సూసొచ్చి సెప్పు మే, యెట్టుంటాదో. మా ఈదిలో ఆడోళ్ళెవురూ సూళ్ళా."

చెబుతానన్నాను. అంతవరకూ నా ముచ్చట కోసం వెళుతున్న దాన్ని, ఆ గడప దాటేసరికి ఒకరి పని మీద వెళుతున్నట్టయింది.

కింది మడుగులు

కోన అంటే రెండు కొండల సందు. అడుగున వంక, అంటే కొండవాగు. దారి అంటూ వేరే లేదు. వంక పక్కనే రాళ్ళ మీద ఎక్కడం, అడ్డం వచ్చినచోట నీళ్ళలో దిగి అవతలికి దాటడం. ఎక్కడికక్కడ రాతిలో గుంట పడి నీళ్ళు నిలుస్తాయి, అదే మడుగు. ఎండాకాలంలో వీటిని గుర్తుపట్టడానికి నమ్మకం కావాలట. ఆ రోజు ఒక్కొక్కటీ పొంగి పొర్లుతోంది. మొదటి మడుగు పచ్చగా ఉంది, రెండోది పాలు విరిగినట్టు ఉంది.

రెండో మడుగు దగ్గర ఒక బండ చరియ కింద కూర్చుని పులిహోర తిన్నాం. చేతులు చలికి బిగుసుకుపోయి ముద్ద కట్టడం కష్టమైంది. అయినా నాలుగేళ్ళుగా చేస్తున్న పులిహోరను తినవలసిన చోట తినడం నాకదే మొదలు. ఇంట్లో కన్నా పులుపు ఎక్కువనిపించింది. కొండల్లో ఉప్పు ఇంకొంచెం ఉండాలని తెలిసింది. ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.

"ఉప్పు తక్కువైంది కదా?" అని అడిగాను.

"అబ్బే, అమృతం ఒదినా!" అన్నాడు చెంగల్రాయుడు. మొహమాటస్తుడు.

మూడో మడుగు దాటేటప్పుడు నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. నేను చీర పైకి దోపుకుని, పిక్కలు కనిపిస్తాయేమో అని ఒక నిమిషం బాధపడి, చూసేవాళ్ళంతా కళ్ళజోళ్ళు తుడుచుకునే పనిలో ఉన్నారని గ్రహించి మానేశాను. మా ఆయన రాయి మీద జారి కూర్చున్నారు. గొడుగు వంకలో పడి, విచ్చుకునే ఉండి, గిరగిరా తిరుగుతూ పల్లె వైపు వెళ్ళిపోయింది. మా పెళ్ళికి మా నాయన పెట్టిన గొడుగు అది. అందరికన్నా ముందు ఇంటిదారి పట్టింది.

నాకు మాత్రం ఎన్నడూ లేనంత హాయిగా ఉంది. ఇది కొంచెం తగ్గించి చెబుతున్నాను. తడవడానికి ఇంక ఏమీ మిగలకపోతే వాన మీద కోపం పోతుంది. నాలుగో మడుగు తర్వాత నేనే ముందు నడిచాను. కాలు ఎక్కడ పెట్టాలో కాలికే తెలుస్తోంది. వెనక నుంచి నాయుడుగారు రెండుసార్లు విజిలు ఊదారు. ఆగమనో, శెభాష్ అనో అర్థం కాక ఆగి, వాళ్ళు వచ్చేదాకా నిలబడ్డాను.

ఐదో మడుగు

ఐదో మడుగు పెద్దది. దాని పైన వంక మలుపు తిరుగుతుంది. అక్కడ నిలబడితే మలుపు అవతల నుంచి ఒక హోరు వినిపించింది. వాన చప్పుడు వేరు, వంక చప్పుడు వేరు. ఇది వాటి వెనక ఇంకొకటి. రోకలి పోటులాగా కాదు, తిరగలిలాగా, ఆపకుండా.

"అదేనా అన్నా?" అని అడిగాను.

"అదే" అన్నారు నాయుడుగారు. ఆ 'అదే'లో గాలిగోపురం లేదు. ఒక తాటిచెట్టు కూడా లేదు.

ముగ్గురూ బండ మీద కూర్చున్నారు. చెంగల్రాయుడు అండా దించి దాని మీద చేతులు వేసుకున్నాడు. వాన అండా మీద పడి టకటకా మోగుతోంది, అతని ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్ష జరుగుతున్నట్టు. వంకలో నీళ్ళు పెరుగుతున్న మాట నిజం. పైకి వెళ్ళాలంటే ఇంకోసారి అడ్డం దాటాలి. ముగ్గురూ ఆ చోటును చూడకుండా, చుట్టూ ఉన్న మిగతా అన్నిటినీ చూశారు.

"టైమెంతయింది?" అన్నారు నాయుడుగారు.

 టైము చెబితే ముందుకో వెనక్కో తేల్చాలి.

"చెప్పన్నా, ఏం చేద్దాం?" అన్నాడు చెంగల్రాయుడు.

"నువ్వే చెప్పబ్బా."

"మీరు పెద్దోళ్ళు. మీ ముందర నేను చెప్పేదేముండాది?"

"సార్ని అడుగుదాం. ఏం సార్?"

మా ఆయన తడి కళ్ళజోడును తడి తువ్వాలతో తుడుస్తున్నారు. "నాదేముంది? మీరెట్లంటే అట్లే."

కాసేపు అండా ఒక్కటే మాట్లాడింది. తర్వాత ముగ్గురి తలలూ మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి, నా వైపు తిరిగాయి. వెంట తీసుకొచ్చారే గాని, నేను బృందంలో మనిషిని కాను. నియమం నాకు వర్తించదు. అంతసేపటి నుంచీ వాళ్ళ కళ్ళ ముందే ఉన్న దారి వాళ్ళకు అప్పుడు కనిపించింది.

"అమ్మా, నీకు కష్టంగా ఉండాదేమో" అన్నారు నాయుడుగారు, ఎంతో మెత్తగా.

"లేదన్నా. బాగుంది."

"మొగమాటపడొద్దు తల్లీ."

"మొహమాటం కాదన్నా. కాళ్ళు నొప్పిగా లేవు. చలి కూడా అంతగా లేదు. పోదాం."

నాయుడుగారు తల ఊపి మిగతా ఇద్దరి వైపు చూశారు. "చూసినారా? మనకి మనసు కష్టమవుతాదని అంటా ఉండాది."

"మా చెల్లెలూ అంతే" అన్నాడు చెంగల్రాయుడు. "జొరంతో కాలిపోతా ఉన్నా బాగుండాననే అంటాది."

"నేను నిజంగానే చెబుతున్నాను."

"అవునమ్మా, అవును. మంచి మనసు నీది."

నేను మా ఆయన వైపు చూశాను. పదిహేనేళ్ళ కాపురం. నాకు కాలు నొప్పి పుట్టినప్పుడు మొహం ఎలా ఉంటుందో, లేనప్పుడు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఆ కోనలో ఆయన ఒక్కరే. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మడుగు వైపు చూస్తూ అన్నారు:

"ఆమె ఎప్పుడూ అంతేలెండి. నోరు తెరిచి చెప్పదు."

నా జీవితంలో 'వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాను' అని చెప్పి తాగిన కాఫీలన్నీ ఆ క్షణంలో నాకు గుర్తొచ్చాయి. మా వైపు ఎవరింటికైనా వెళితే మొదటిసారి వద్దనాలి, రెండోసారి వద్దనాలి, మూడోసారి వాళ్ళు గ్లాసు చేతిలో పెట్టాలి. అది మర్యాద. ఆకలిగా ఉన్నా లేదనడం, అలిసిపోయినా లేదనడం మాకు అక్షరాలతో పాటు నేర్పుతారు. అలా పెరిగిన మనిషి ఒక రోజు కొండ మీద నిలబడి ఉన్నమాట చెబితే, అది కూడా వెళ్ళి ఆ మర్యాదలోనే కలిసిపోయింది. ఇంకా గట్టిగా చెబితే ఇంకా మంచిదాన్నయ్యాను. అరిస్తే పాపం తట్టుకోలేకపోతోందని ఎత్తుకుని దించేవాళ్ళేమో.

"ఆడకూతుర్ని పెట్టుకోని ఇంకా పైకి పోవడం న్యాయం గాదు" అన్నారు నాయుడుగారు లేచి. విజిలు ఊదారు.

'వెనక్కి పోదాం' అని ఎవరూ అనలేదని గమనించాలి.

తిరుగుదారిలో ముగ్గురికీ ప్రాణం లేచి వచ్చింది. మా ఆయన రాళ్ళ మీద నాకు చెయ్యి అందించారు, ప్రతి రాయి దగ్గరా. చెంగల్రాయుడికి ఒక న్యాయమైన సందేహం వచ్చింది: "ఒదిన కోసరమని తిరుక్కున్నాం గాబట్టి, చూడబోతే ఇంక అండా ఒదినది గదా?"

"ఇవ్వండి, మోస్తాను" అన్నాను.

కోన దద్దరిల్లేలా నవ్వారు. నా జీవితంలో నేను వేసిన హాస్యాల్లో దేనికీ అంత నవ్వు రాలేదు. అది హాస్యం కాదు.

దారి ప్రమాదంగా ఉందని తిరిగి ఉంటే నాకే బాధా లేదు. ఆ నీళ్ళకు నేనూ కొంత భయపడ్డాను. కొండ రేపూ ఉంటుంది, మనుషులు ఉండాలి కదా. కాని వాళ్ళు నీళ్ళ పేరు చెప్పి తిరగలేదు. నా పేరు చెప్పి తిరిగారు.

మళ్ళీ పల్లె

కుప్పమ్మ మాకు వేడినీళ్ళు పెట్టింది. రాగిసంగటి, అందులోకి వేరుశనగ ఊరిబిండి చేసింది. మా ఇంట్లో సంగటి చేస్తే దాన్ని మందులా తింటారు. అక్కడ ముగ్గురూ రెండేసి ముద్దలు తిన్నారు. పొయ్యి దగ్గర బట్టలు ఆరేసి, మేకల వాసనలో అందరం ఆరాం.

"సూస్తిరా?" అని అడిగింది కుప్పమ్మ, నన్నే.

నేను నోరు తెరిచేలోపు నాయుడుగారు చెప్పారు. "యాడమ్మా, అయిదో మడుగుకాడ తిరుక్కున్నాం. ఆడోళ్ళుండారు గదా, పాపం, నడవలేకపోయింది."

కుప్పమ్మ నా వైపు తిరిగింది. పొద్దున గడపలో చూసిన చూపు కాదది. "ఏం కాదులే మే. టవునోళ్ళకి కష్టమే" అంది.

"నేను నడవగలను కుప్పమ్మా. వాళ్ళే..."

"అవునవును" అంది, బిడ్డను సముదాయించినట్టు. నా కంచంలో ఇంకో ముద్ద పెట్టింది. "తిను. కాళ్ళకి ఆముదం రాస్తా ఉండు."

నేను వద్దన్నాను. మూడుసార్లు. రాసింది. నొప్పి లేని కాళ్ళకు ఆముదం రాయించుకుంటూ నేను, ఆమె అడిగిన దానికి ఏం చెప్పాలా అని ఆలోచించాను. హోరు విన్నాను అని చెప్పొచ్చు. తిరగలిలాగా ఉందని చెప్పొచ్చు. కాని ఆమె మళ్ళీ అడగలేదు. ఆడది పోతే ఎంతదూరం పోతుందో ఆమెకు తెలిసిపోయింది. నా వల్ల తెలిసింది. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ ఇక్కడే.

ఆదివారం

ముగ్గురూ భజనగుడిలో పడుకున్నారు, నేను కుప్పమ్మ ఇంట్లో. తెల్లవారేసరికి వాన తగ్గి తుంపర మిగిలింది. బూట్లు వేసుకుని ఒక్కదాన్నే కోన వైపు నడిచాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే అడగాలి, అడిగితే మొహమాటపడతారు.

మొదటి మడుగు దాటలేకపోయాను. వంక నిండా పారుతోంది, ఎర్రగా, కొమ్మలతో సహా. నిన్న కాలు పెట్టిన రాళ్ళు ఒక్కటీ కనపడలేదు. ఆ నీళ్ళన్నీ ఏడో మడుగు దాటి వచ్చినవే. అవి చూసి వచ్చాయి. వాటి ఒడ్డున నిలబడ్డాను.

వెనక అడుగుల చప్పుడు. మా ఆయన. కుప్పమ్మ ఇంటి గోనెసంచిని ముసుగులా కప్పుకుని ఉన్నారు. లెక్కల లెక్చరరు అని పోల్చుకోవడానికి కళ్ళజోడు ఒకటే ఆధారం. వచ్చి పక్కన నిలబడ్డారు.

కళ్ళజోడు తుడుచుకుని, "నిన్న భయపడింది నేనే" అన్నారు.

"ఎక్కడ?"

"మూడో మడుగు దగ్గర్నుంచీ. జారి పడ్డానే, అప్పట్నుంచీ కాళ్ళలో వణుకు."

"మరి చెప్పలేదే?"

"ఎట్లా చెప్పేది? చెంగల్రాయుడు పదేళ్ళు ఎగతాళి చేస్తాడు."

"నన్ను చేయడా?"

ఆయన నీళ్ళ వైపు చూశారు. "నిన్నెందుకు చేస్తారు? నువ్వు ఆడమనిషివి. నిన్నెవరూ ఏమీ అనుకోరు."

ఆయన చెడ్డవారు కారు. ఆ మాట ఓదార్పుగానే అన్నారు. అది నాకు ఓదార్పు అవుతుందని నిజంగానే నమ్మారు.

"వాళ్ళతో చెబుతారా?" అని అడిగాను.

"ఏమని?"

"అలిసింది నేను కాదని. అంతే. భయం సంగతి చెప్పొద్దు."

"చెప్తా" అన్నారు. గోనెసంచి సగం నా తల మీద కప్పారు. అలా ఇద్దరం ఒకే సంచిలో పల్లెకు తిరిగి వచ్చాం. మా కాపురంలో చెప్పుకోదగ్గ నడకల్లో అదొకటి. నిజానికి చాలా సంతోషంగా నడిచాను.

వడమాలపేటలో టీ అంగడాయన మమ్మల్ని చూడగానే, "సూసొస్తిరా సామీ?" అన్నాడు.

"లేదబ్బా" అన్నాడు చెంగల్రాయుడు. "ఆడోళ్ళుండారని మధ్యలోనే తిరుక్కున్నాం. లేకుంటే ఇంకో పావుగంట."

"నేనప్పుడే అనుకున్న్యా" అన్నాడు అంగడాయన. బోండా ఎందుకు ఎక్కువ వేశాడో తెలిసింది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఊదుతున్నారు. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన ఊదుతూనే ఉన్నారు. నాయుడుగారు టీ తాగేశారు. చెంగల్రాయుడు రెండోది అడిగాడు. మద్రాసు బస్సు ఒకటి ఆగి, మనుషులను దించి వెళ్ళిపోయింది. అంత చల్లారిన టీని అంతసేపు ఊదిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

తిరుపతి బస్సు వచ్చింది. ఎక్కాం.

ఇల్లు

కథలు మా వీధిలో కొండల్లో కన్నా వేగంగా నడుస్తాయి. నేను అలిసిపోయానని సోమవారం అందరికీ తెలుసు. గురువారానికి నా కాలు బెణికింది. ఆ పై ఆదివారానికి నేను ఐదో మడుగు దగ్గర కూర్చుని ఏడ్చాను, చెంగల్రాయుడు అండాతో పాటు నన్నూ మోయవలసి వచ్చింది. మా అక్క వచ్చి, "చెప్తే విన్నావా?" అంది. ఆమె ఏమీ చెప్పలేదు, కాని దాని మీద వాదించే ఓపిక నాకు లేకపోయింది. ఎదిరింటావిడ ఆముదం పంపింది.

నిజం చెప్పే ప్రయత్నం రెండు మూడుసార్లు చేశాను. వినేవాళ్ళు ఎంతో దయగా విన్నారు.

మళ్ళీ రెండో శనివారం వచ్చింది. మళ్ళీ వాయుగుండం. ముందు రోజు సాయంత్రం నాయుడుగారు వసారాలో కూర్చుని, ఈసారి ఎట్లయినా ఏడో మడుగు చూడవల్ల అన్నారు. జలపాతం ఈ నెలలో ఇంకొంచెం పెరిగింది. నేను లోపల చింతపండు పిసుకుతున్నాను. మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"నువ్వూ వస్తావా?" అని అడిగారు.

"నేనెందుకులెండి. మీరు వెళ్ళి రండి" అన్నాను.

అని, చింతపండులో చెయ్యి అలాగే ఉంచి, ఆగాను. నా బూట్లు ఆరేసి, సుద్ద పూసి, తలుపు వెనక పెట్టి ఉన్నాయి. మా వైపు పద్ధతి ప్రకారం ఇంకా రెండుసార్లు అడగాలి.

"సరే అయితే" అన్నారాయన. "తువ్వాల యాడ పెట్టినావు?"

తీసి ఇచ్చాను. పొద్దున్నే వెళ్ళారు. పులిహోరలో ఉప్పు కాస్త ఎక్కువ వేసి పంపాను.

ఇది రాస్తున్నప్పుడు మధ్యాహ్నం దాటింది. వాన పెద్దదైంది. పెరట్లో పెట్టిన గంగాళం నిండి పొర్లుతోంది. వాళ్ళు ఈపాటికి కోనలో మూడో మడుగో నాలుగో మడుగో దాటుతూ ఉండాలి. ఈసారి వాళ్ళ వెంట ఎవరూ లేరు. తిరగకుండా పైదాకా వెళితే బాగుండునని నిజంగానే కోరుకుంటున్నాను. ఎవరో ఒకరు చూడాలి కదా.